చూసేది కన్నేనా?

షోళింగనల్లూరులో మా ఇంట మనవడి ఎడమకంటికి చూపు మందమని మొన్న తేలింది. అద్దాలు పెట్టినా ఫలితం లేదు. "కంటిలో జబ్బేమీ లేదండీ, మెదడే ఆ కంటిని పక్కన పెట్టేసింది" అన్నారు డాక్టరుగారు. ఆ మాటే నన్ను పుస్తకాల వెంట తిప్పింది.

మన ఎగ్మూరు కంటాసుపత్రి 1819లోనే పుట్టింది. కాని చూపు కంటితో ముగియదన్న సంగతి తేటపడడానికి మరెంతో కాలం పట్టింది. కంటి నుంచి బయలుదేరిన కబురు తల వెనుక భాగాన ఉన్న మెదడు పొరకు చేరుతుంది. రష్యా-జపాను యుద్ధంలో తలకు గుండు తగిలిన సైనికులను పరీక్షించి, ఆ పొరలో ఏ చోటు దెబ్బతింటే చూపులో ఏ భాగం పోతుందో 1909లో జపాను వైద్యుడు తత్సుజి ఇనౌయె వివరించాడు.

1958లో అమెరికాలో హ్యూబెల్, వీజెల్ పిల్లి మెదడులో ఒక్కొక్క కణాన్నే పరిశీలించారు. చుక్కలకు పలకని కణం, గాజుపలక అంచు నీడ గీతలా కదలగానే టపటపా పలికింది. ఒక్కో కణానికి ఒక్కో వాలు గీత! తర్వాత పిల్లికూన కన్నొకటి కొన్నాళ్లు మూసి ఉంచి తెరిస్తే, కన్ను బాగానే ఉన్నా మెదడు దాని మాట వినలేదు. 1981లో వారిద్దరూ నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఇప్పుడు మనవడి మంచికంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ వేస్తున్నాం. బద్ధకించిన కంటికి పని కావాలి. చిన్ననాడు వాడకపోతే చేజారేది చూపొక్కటేనా? వాడి ముందు తెలుగు వాచకం తెరిచి పెట్టాను.

"తాతా, ఇది 'అ' కదూ?" అన్నాడు.