కాప్ గట్టు మీద

ఇంగ్లండ్‌లో నేను చూసిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ లివర్‌పూల్ వాళ్ల ఆన్‌ఫీల్డ్‌లో. టికెట్ కాప్ స్టాండులో దొరికింది. విచిత్రమేమిటంటే, 1884లో ఈ మైదానంలో మొదట ఆడింది ప్రత్యర్థి ఎవర్టన్! అద్దె పేచీ ముదిరి 1892లో వాళ్లు వెళ్లిపోతే, స్థలం యజమాని జాన్ హౌల్డింగ్ లివర్‌పూల్ జట్టు పెట్టాడు.

1906లో కట్టిన ఈ కాప్ గట్టుది దక్షిణాఫ్రికాలోని స్పియన్ కాప్ కొండ పేరు. 1900లో అక్కడ బోయర్లతో పోరాడి లివర్‌పూల్ ప్రాంతపు సైనికులెందరో చనిపోయారు. క్షతగాత్రులను మోసిన భారతీయ దళంలో గాంధీజీ ఉన్నారు.

97 మందిని బలిగొన్న 1989 హిల్స్‌బరో స్టేడియం తొక్కిసలాట తర్వాత, 1994లో ఇక్కడ నిలబడి చూసే మెట్లు తీసేసి కుర్చీలు వేశారు. ఆట మొదలవబోతుంటే కూర్చున్నవాడు నేనొక్కణ్ణే. పక్కనున్న పెద్దాయన ఎర్ర మఫ్లర్ పైకెత్తి పాడుతూనే, లెమ్మన్నట్టు మోచేత్తో పొడిచాడు.