కట్టడం కళ అవుతుందా?

పాటను, బొమ్మను, నాట్యాన్ని కళ అనడానికి ఎవరూ సందేహించరు. కట్టడం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, ఎండకూ వానకూ అడ్డుగా కట్టుకున్నదానికి ఆ పేరెందుకని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు సమాధానం అమెరికాలో, ఒకే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రెండు కట్టడాల వద్ద లభిస్తుందని మా అభిప్రాయం.

మొదటిది కాఫ్‌మన్ కుటుంబం కోసం ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే వాస్తుశిల్పి 1935లో రూపకల్పన చేసిన 'ఫాలింగ్‌వాటర్' అనే విడిది. దానిని ఆయన జలపాతానికి ఎదురుగా కాక, జలపాతం మీదనే నిలిపాడు. లోపల కూర్చున్నవారికి జలపాతం కనపడదు, దాని హోరు వినపడుతుంది. ప్రవేశం ఇరుకు, కప్పు తక్కువ. నాలుగడుగులు వేయగానే గది విశాలమై చూపును చెట్లలోకి తీసుకుపోతుంది.

రెండవది పిట్స్‌బర్గ్ శివారున, పెన్‌హిల్స్ కొండమీది శ్రీ వేంకటేశ్వరాలయం. 1965 నాటి వలస చట్టం తరువాత చదువులతో, ఉద్యోగాలతో వచ్చిన భారతీయులు తిరుమలను మనసులో ఉంచుకొని దీనిని కట్టించారు. 1977 జూన్ 8న కుంభాభిషేకం జరిగింది. ఇక్కడ నడక తలకిందులు. చెప్పులు విడిచి, వెలుగులో నుండి మసక వెలుగులోకి, విశాలంలో నుండి గర్భగుడి ముంగిటి ఇరుకులోకి వెళతాము. పాదాలకు నేల చల్లదనం, చెవికి గంట, ముక్కుకు కర్పూరం తెలిసిన తరువాతనే కంటికి స్వామి కనపడతాడు. ఛాయాచిత్రంలో గోపురం ఒక్కటే పడుతుంది.

లోపలికి వచ్చే మనిషి ఎలా నడుస్తాడు, ఏమి వింటాడు అని తలచి కట్టినదే కళ. తక్కినది గోడలు, కప్పు.

ఈ కొలతతో మన గతాన్ని చూద్దాం. 1860లో మద్రాసు నుండి మొదటి ఓడ నాటాల్ చేరింది. తోట యజమానులు కూలీలకు వేసిన లైను ఇళ్ళలో లెక్క ఒక్కటే: తక్కువ ఖర్చుతో ఎన్ని తలలు పడతాయని. అదే చెరకు తోటల నడుమ మనవాళ్ళు గుళ్ళు లేపుకున్నారు. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లోని వినాయకుని గుడిని 19వ శతాబ్దపు చివరి ఏళ్ళలో కిష్టప్ప రెడ్డి కట్టాడు. లైను ఇంట్లో కూలీ ఒక సంఖ్య. గుడి గడప దాటితే అతడు మళ్ళీ మనిషి. చిన్నదైనా ఆ గుడిని కళ అనక మరేమనాలి?

నేడు మనలో కొందరు పాత తోట గుళ్ళు చిన్నవని, మోటువని పడగొట్టి, పెద్ద గోపురాలు లేపాలని ఉబలాటపడుతున్నారు. పిట్స్‌బర్గ్ గోపురం మనకూ గర్వకారణమే. కాని అది అక్కడివారి నడకకు కట్టినది. మన తాతల పాదాలకు అరిగిన గడప మరెక్కడా దొరకదు. గోడ బీటలిస్తే బాగుచేద్దాం, కప్పు కారితే మార్చుదాం. పలుగు ఎత్తే ముందు మాత్రం ఇంటి పెద్దల చేయి పట్టుకొని ఆ గుడి చుట్టూ ఒక్క ప్రదక్షిణం చేయవలసిందని పాఠకులకు మా మనవి.