బొట్టు కింది తుప్పు

దసరా మరునాటి ఉదయం. రాత్రి ఉర్సు గుట్ట రంగలీల మైదానంలో రావణుణ్ణి కాల్చిన పొగ వాసన మీ చొక్కాను ఇంకా వదల్లేదు. వరంగల్ పోలీసు లైన్లలో ఆయుధాలు దాచే గది తలుపు ఇప్పుడే తీశారు. ‘బెల్ ఆఫ్ ఆర్మ్స్’ అంటారు దాన్ని. గుమ్మానికి కట్టిన బంతిపూలు వాడిపోయాయి. లోపల కొబ్బరి నీళ్ల వాసన, రైఫిల్ ఆయిల్ వాసన కలిసిపోయి ఉన్నాయి. అరల్లో వరుసగా నిలబెట్టిన తుపాకులన్నిటికీ ఆయుధ పూజ నాటి పసుపు, కుంకుమ.

ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్ బల్ల మీద పాత దుప్పటి పరిచి ఒక .38 రివాల్వర్ పెట్టాడు. ఎన్‌ఫీల్డ్ నమూనాది, బ్రిటిష్ సైన్యం 1930లలో వాడకంలోకి తెచ్చిన రకం. పక్కన కొత్తగా చేరిన కానిస్టేబుల్. వాళ్లిద్దరి వెనక మీరు.

‘‘తమ్మీ, ముందుగాల ఏం జెయ్యాలె?’’

‘‘ఖాళీగున్నదా సూడాలె సార్.’’

‘‘సూసుడొక్కటే గాదు. ఏలు వెట్టి సూడాలె.’’

కుర్రవాడు గొట్టాన్ని గోడ వైపు తిప్పి ఎడమ పక్కనున్న లాచ్‌ను బొటనవేలితో నొక్కుతాడు. రివాల్వర్ నడుము దగ్గర విరిగినట్టు గొట్టం ముందుకు వాలుతుంది. సిలిండర్ మధ్యలోంచి నక్షత్రంలాంటి బిళ్ల పైకి లేచి, టక్కున వెనక్కి పడుతుంది. అది ఎక్స్‌ట్రాక్టర్. కాల్చిన తూటాల ఖాళీ డొల్లలను బయటికి నెట్టేది అదే. ఆరు గదుల్లోనూ చిటికెన వేలు పెట్టి చూస్తాడు. ఈ బల్ల మీదికి ఒక్క అసలు తూటా కూడా రాదు. అవి వేరే పెట్టెలో, వేరే తాళం కింద ఉన్నాయి.

ఆర్మరర్ ముందుగా కుంకుమ తుడుస్తాడు, చాలా మెల్లగా. పసుపు తడిపి పెట్టిన చోట గుడ్డకు పచ్చ రంగు అంటుతుంది, దాని వెంటే కాస్త గోధుమ రంగు. తుప్పు అప్పుడే మొదలైంది. తడి బొట్టు ఇనుము మీద ఒక్క రాత్రి ఉన్నా చాలు. ఆ పొడి సుత్తి పక్క సందులోకి జారితే నూనెతో కలిసి ముద్దవుతుంది. అందుకే ఆయన పూజ ఎంత శ్రద్ధగా చేస్తాడో, మరునాటి తుడుపు అంతకన్నా శ్రద్ధగా చేస్తాడు. నా లెక్కన ఆ తుడుపు కూడా పూజలో భాగమే.

ఇక గొట్టం. కడ్డీకి ఇత్తడి బ్రష్ బిగించి సాల్వెంట్‌లో ముంచి, తూటా వెళ్లే దిక్కునే, వెనక నుంచి ముందుకు తోస్తాడు. మూతి అంచు గీసుకుపోతే గురి చెడుతుంది. తర్వాత చిందీ గుడ్డ. మొదటిది నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో. తెల్లగా వచ్చేదాకా ఆగడు. పాత తూటాల అడుగున నిప్పు రాజేసే ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది కాలితే ఉప్పు మిగులుతుంది. ఉప్పు నూనెలో కరగదు. అందుకే ఆ కాలపు సిపాయిలు గొట్టంలో వేడి నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు.

‘‘గిప్పుడు అసలు సంగతి సూడు తమ్మీ.’’

గొట్టాన్ని సగం వాల్చి, నక్షత్రాన్ని పైకెత్తి పట్టుకుంటాడు. దాని కింద ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని నల్లటి రవ్వ. కాలకుండా మిగిలిన మందు అది. మీరు వంగి చూస్తే తప్ప కనపడదు. ఆ రవ్వ ఉన్నంతకాలం నక్షత్రం పూర్తిగా కూర్చోదు. వెంట్రుకవాసి పైకే ఉండి వెనక గోడకు రాసుకుంటుంది. సిలిండర్ బిగుసుకుంటుంది, ట్రిగ్గర్ బరువెక్కుతుంది, అవసరమైన క్షణంలో అసలు తిరగనే తిరగదు. ఎన్ని చుక్కల నూనె పోసినా ఆ రవ్వ పోదు. పాత పళ్ల బ్రష్‌తో రెండుసార్లు విదిలిస్తే పోతుంది.

కుర్రవాడు నూనె డబ్బా అందుకోబోతే ఆర్మరర్ చెయ్యి అడ్డం పెడతాడు. సూది మొనతో సిలిండర్ ఇరుసు మీద ఒక చుక్క, కీలు దగ్గర ఒక చుక్క. పైన నూనె గుడ్డతో పలచగా ఒక తుడుపు. సిలిండర్ గదులు మాత్రం పూర్తిగా పొడిగా ఉండాలి. అక్కడ నూనె నిలిస్తే తూటా అడుగున ప్రైమర్‌లోకి పాకుతుంది, సుత్తి పడినా తూటా పేలదు. కొబ్బరినూనె దగ్గరికే రానివ్వకూడదు. చలికాలం పొద్దున సీసాలో అదెలా గడ్డకడుతుందో మన ఇళ్లలో అందరం చూసిందే.

చివరికి మూసి, ఉత్తుత్తి తూటాలు వేసి ఆరుసార్లు ట్రిగ్గర్ లాగుతాడు. ఆరుసార్లూ సిలిండర్ ఒక్కో గది జరిగి తాళం పడిన చప్పుడు. మీకూ వినపడుతుంది. మళ్లీ తెరిచి, ఖాళీ చేసి, వేలు పెట్టి చూసి, రిజిస్టరులో నంబరు రాస్తాడు.

కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్‌ను లైసెన్సు మీద ఇంట్లో పెట్టుకున్నవారికి ఒక మాట. వాటిలో పాత నమూనాలు కూడా ఇలాగే నడుము దగ్గర విరిగేవే. పూజలో పెట్టిన బొట్టు ఆ రాత్రే తుడవండి. తోలు కవరులో దాచకండి, తోలు తేమ పీలుస్తుంది. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించి వారాల తర్వాత తెచ్చుకున్నాక, ఖాళీగా ఉందో లేదో వేలుతో చూసి, ఆ నక్షత్రం కిందా ఒకసారి తుడవండి. లోపలి స్ప్రింగుల జోలికి మాత్రం వెళ్లకండి. అది లైసెన్సున్న ఆర్మరర్ పని.