పాత ఇంజన్లకు పోసిన మందు: ఆయిల్ అడిటివ్‌ల నూరేళ్ల చరిత్ర

ఇంజన్ ఆయిల్‌లో విడిగా కొని కలిపే ద్రావకాలు, అంటే వాహనదారుల వాడుకలో ఆయిల్ అడిటివ్‌లు, అమెరికాలో మోటారు కారు సామాన్యుల ఇళ్లకు చేరుతున్న కాలంలోనే పుట్టి, ఒక శతాబ్దానికి పైగా ఆ దేశపు విడిభాగాల దుకాణాల్లో చోటు నిలుపుకుంటూ వచ్చాయి. ఇవన్నీ మొదటినుంచీ మోసమేనన్న వాదన చరిత్రకు నిలవదు. అరిగిన ఇంజన్‌కు ఇవి కొత్త ప్రాణం పోస్తాయన్న ప్రకటనలూ నిలవవు. తొలితరం సీసాలు నిజమైన కొరతను తీర్చడానికే వచ్చాయి. ఆ కొరతను తీర్చగల రసాయనాలు 1930ల నుంచి క్రమంగా ఇంజన్ ఆయిల్‌లోకే చేరిపోయాయి. ఆ తర్వాత కూడా సీసా అమ్ముడుపోతూనే ఉండటానికి కారణాలను పాతబండి యజమాని ఆశలోనూ, ఆ ఆశను ఎరిగిన వ్యాపారుల నేర్పులోనూ వెతకవలసి ఉంటుంది.

20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కార్లలో పోసినది ముడిచమురు నుంచి శుద్ధిచేసి తీసిన వట్టి ఖనిజతైలం. అది వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా, మడ్డిగా మారేది. చలికి చిక్కబడి కదలనని మొరాయించేది. లోహపు భాగాలు ఒకదానినొకటి ఒరుసుకునే చోట వాటి మధ్య నిలవలేక పక్కకు తప్పుకునేది. ఈ లోపాలను పూరించడానికి జరిగిన తొలి గట్టి ప్రయత్నం ఎడ్వర్డ్ గుడ్‌రిచ్ ఆచెసన్‌ది. 1891లో కార్బొరండం అనే కఠినమైన రాపిడి పదార్థాన్ని కనిపెట్టి, ఆ తర్వాత విద్యుత్ కొలిమిలో కృత్రిమ గ్రాఫైటును తయారుచేసిన ఈ శాస్త్రజ్ఞుడు, ప్రాచీన ఈజిప్టువాసులు ఇటుకల మట్టిలో గడ్డి ఎందుకు కలిపారన్న ప్రశ్న వెంటపడి, గడ్డి నుంచి ఊరే టానిన్ వంటి పదార్థాలు మట్టి రేణువులను విడివిడిగా చేసి మెత్తబరుస్తాయన్న నిర్ణయానికి వచ్చాడు. అదే కిటుకును 1906 ప్రాంతంలో గ్రాఫైటు పొడికి వర్తింపజేసేసరికి, అడుగుకు చేరి పేరుకోకుండా ద్రవంలోనే తేలియాడే అతిసూక్ష్మమైన గ్రాఫైటు లభించింది. పొరలు పొరలుగా ఉండి ఒకదానిమీద ఒకటి సులువుగా జారే గుణం గ్రాఫైటుకు సహజంగానే ఉంది కనుక, దానిని నూనెలో కలిపి ‘ఆయిల్‌డాగ్’ పేరుతో మార్కెట్టుకు తెచ్చారు. వట్టి ఖనిజతైలం తప్ప వేరే గతిలేని ఇంజన్‌కు అటువంటి ఘనకందెన తోడు కావడం ఆ రోజులకు అర్థవంతమైన ఆలోచనే.

ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో ఈ వ్యాపారం ఊపందుకుంది. కార్బ్యురేటర్ల తయారీలో పనిచేస్తూ వచ్చిన బర్ట్ పియర్స్ 1923లో, పెట్రోలులోని మలినాలతో కార్బ్యురేటర్ రంధ్రాలు పూడిపోయే సమస్యకు విరుగుడుగా ‘మార్వెల్ మిస్టరీ ఆయిల్’ను తెచ్చాడు. ఎర్రటి రంగుతో, ప్రత్యేకమైన పరిమళంతో ఉండే ఆ ద్రావకం నేటికీ దొరుకుతుంది. 1928లో క్లీవ్‌లాండ్‌లో పుట్టిన ఒక చిన్న కంపెనీ, కారు కమానుపట్టీల కీచుశబ్దం మాన్పడానికి గ్రాఫైటు కలిపిన నూనె అమ్మి, కాలక్రమంలో లూబ్రిజాల్ అన్న పేరుతో ఆయిల్ కంపెనీలకే రసాయనాలు సరఫరా చేసే పెద్ద సంస్థగా ఎదిగింది. నార్వే నుంచి వలసవచ్చిన ఓలే బార్డాల్ సియాటిల్‌లోనూ, చెస్టియన్ విన్ కాలిఫోర్నియాలోనూ తమ పేర్లతోనే అడిటివ్‌ల వ్యాపారం ప్రారంభించినది 1939లోనే.

సరిగ్గా ఈ దశలోనే అసలైన మార్పు ఆయిల్ శుద్ధి కర్మాగారాల వైపు నుంచి వచ్చింది. కాటర్‌పిల్లర్ కంపెనీ డీజిల్ ట్రాక్టర్లలో పిస్టన్ రింగులు మడ్డి పట్టి గాడిలో బిగుసుకుపోతుంటే, కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1935లో, మసిని కూడనీయకుండా పట్టి ఉంచే డిటర్జెంటు రసాయనాన్ని కలిపిన ఆయిల్‌ను తయారుచేసింది. 1940లలో జింకు, గంధకం, భాస్వరం కలిగిన జెడ్‌డీడీపీ అనే సమ్మేళనం, మొదట బేరింగుల తుప్పును, ఆయిల్ ఆక్సీకరణాన్ని అరికట్టే మందుగా ప్రవేశించింది. లోహం లోహాన్ని ఒరిసే చోట పుట్టే వేడికి అది విచ్ఛిన్నమై ఉక్కుమీద గాజువంటి పలుచటి రక్షణపొరను ఏర్పరుస్తుందని, ఆ పొర తాను అరుగుతూ ఉక్కును కాపాడుతుందని ఆ తర్వాత తేలింది. పొడవాటి పాలిమర్ అణువుల సాయంతో చలిలో పలుచగాను, వేడిలో తగినంత చిక్కగాను ఉండే మల్టీగ్రేడ్ ఆయిళ్లు 1950లలో వ్యాపించడంతో, సీసాలో విడిగా కొనవలసిన గుణాల్లో చాలాభాగం ఆయిల్‌తోపాటే వచ్చేశాయి. అప్పటికే తూకం చూసి కలిపిన ఆయిల్‌లో మళ్లీ బయటి రసాయనం కలపడం వల్ల ఆ తూకం చెడవచ్చునన్న అభ్యంతరం ఇంజన్ తయారీదారుల నుంచి వినిపించడానికి మూలం ఇదే.

అయినప్పటికీ సీసాకు గిరాకీ తగ్గకపోవడానికి పాత ఇంజన్ జబ్బు తీరును అర్థం చేసుకోవాలి. ఏళ్ల తరబడి నడిచిన ఇంజన్‌లో సిలిండర్ గోడ అరిగి గుండ్రదనం కోల్పోతుంది, రింగుల పట్టు సడలుతుంది, వాల్వుల దగ్గరి రబ్బరు సీళ్లు గట్టిపడి బీటలు వారతాయి. అప్పుడు ఆయిల్ మంట అంటుకునే గదిలోకి చేరి నీలిపొగగా వెళ్లిపోతుంది. బండి ఆయిల్ తాగుతోందని తెలుగునాట మెకానిక్కులు అనేది ఈ స్థితినే. ఆ సమయంలో చిక్కటి పాలిమర్ ద్రావకాన్ని పోస్తే, అరిగిన సందుల్లోంచి ఆయిల్ జారడం మందగిస్తుంది, ప్రెషర్ చూపే ముల్లు కాస్త పైకి లేస్తుంది, వాల్వులను కదిపే ట్యాపెట్ల చప్పుడు అణుగుతుంది, పొగ కొన్నాళ్లు తగ్గుతుంది. ఈ మార్పు భ్రమ కాదు. యజమాని కంటికి, చెవికి అందే మార్పే. అయితే పోయిన లోహం తిరిగి రాదు, చల్లటి ఉదయాల్లో చిక్కటి ఆయిల్ ఇంజన్ పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది, నడిచేకొద్దీ పాలిమర్ అణువులు తెగిపోయి ఆ చిక్కదనం కూడా పలుచబడుతుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల ఇటువంటి ఇంజన్‌ను విప్పి, సిలిండర్‌కు బోరు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు వేయించడం మామూలు పని. కూలి ధర ఎక్కువైన అమెరికాలో అదే పనికి అయ్యే ఖర్చు పాతకారు విలువను మించిపోవచ్చు కనుక, కొద్ది డాలర్ల సీసా ముందు యజమాని ఆగిపోవడం సహజం. చేతిలో డబ్బులేని మనిషి ఆశను తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

ఆ ఆశను అందరికంటే సమర్థంగా వ్యాపారంగా మలచినది ఎస్‌టీపీ. 1950ల మొదట్లో మిస్సోరి రాష్ట్రంలో మొదలైన ఈ ఉత్పత్తిని 1961లో స్టూడీబేకర్-ప్యాకర్డ్ కార్ల కంపెనీ కొన్నది. 1963 చివర సౌత్ బెండ్‌లోనూ, 1966లో కెనడాలోనూ ఆ కంపెనీ కార్ల తయారీ ఆగిపోయినా అడిటివ్ మాత్రం బతికి వృద్ధిచెందింది. 1963లో పగ్గాలు చేపట్టిన ఆండీ గ్రనటెల్లి, ఇండియానాపొలిస్ 500 రేసులో తన కార్లనే కదిలే ప్రకటనలుగా మార్చాడు. 1967లో అతని టర్బైన్ కారు రేసులో అత్యధికభాగం ముందుండి, ముగింపుకు కొద్ది ల్యాపుల ముందు గేర్‌బాక్సు బేరింగు విరిగి ఆగిపోయింది. 1969లో మారియో ఆండ్రెట్టి అతని జట్టుకు విజయం సాధించిపెట్టాడు. టెలివిజన్ ప్రకటనల్లో స్క్రూడ్రైవర్ మొనను ఎస్‌టీపీలో ముంచి, దానిని వేళ్లతో పట్టుకోలేకపోవడాన్ని చూపించేవారు. మెత్తటి వేళ్ల మధ్య జారే గుణానికీ, వాల్వులను తెరిపించే క్యామ్ కిలోల కొద్దీ ఒత్తిడితో ట్యాపెట్‌ను ఒరిసే చోట అరుగుదలను ఆపే గుణానికీ సంబంధం చాలా తక్కువ. అయినా ఆ దృశ్యం కోట్ల ఇళ్లలో నమ్మకాన్ని నాటింది, ఎందుకంటే ఇంజన్ లోపల జరిగేదాన్ని కళ్లతో చూసే వీలు యజమానికి ఎన్నడూ లేదు.

1971లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక ఎస్‌టీపీని ప్రధానంగా ఆయిల్‌ను చిక్కబరిచే పదార్థంగా తేల్చి, దాని అవసరాన్ని ప్రశ్నించింది. ప్రకటనల్లో సత్యాన్ని పర్యవేక్షించే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఆయిల్ ఖర్చు తగ్గుతుందన్న మాటకు ఆధారాలు చూపమని అడిగి, 1978లో మొత్తం 7 లక్షల డాలర్ల పరిష్కారానికి కంపెనీని ఒప్పించింది. అందులో 2 లక్షల డాలర్లు ఆ సంగతిని పత్రికల్లో బహిరంగంగా ప్రకటించడానికే కేటాయించారు. డబ్బుకంటే ఆ ప్రకటనే వినియోగదారుకు ఎక్కువ మేలు చేసిందని చెప్పాలి.

తర్వాతి తరంలో ఇదే కథ మరో పదార్థంతో నడిచింది. డూపాంట్‌లో రాయ్ ప్లంకెట్ 1938లో కనుగొన్న పీటీఎఫ్‌ఈ, అంటే అంటుకోని పెనాల పూతగా ఇళ్లలో పరిచయమైన టెఫ్లాన్, సూక్ష్మరేణువుల రూపంలో ‘స్లిక్ 50’ వంటి సీసాల్లోకి ఎక్కింది. పెనానికి ఆ పూత అంటుకోవాలంటే 327 డిగ్రీల సెల్సియస్ ద్రవీభవన స్థానాన్ని దాటి కాల్చాలి. ఇంజన్‌లో ఆయిల్ సాధారణంగా ఉండే వేడి అందులో సగానికి కూడా చేరదు. 1996లో కమిషన్ చేసిన ఫిర్యాదులో, ఈ ద్రావకం భాగాల మీద పీటీఎఫ్‌ఈ పొరను ఏర్పరుస్తుందన్న మాటనూ, మామూలు ఆయిల్ పోసిన ఇంజన్‌కు స్టార్ట్ చేసే వేళ రక్షణ ఉండదన్న మాటనూ అసత్యాలుగా పేర్కొంది. 1997లో కుదిరిన ఒప్పందం ప్రకారం వినియోగదారులకు కనీసం కోటి డాలర్ల పరిహారం ఏర్పాటైంది.

సీసా చేసే పనుల్లో మరొకదానిని 2000లో వాల్వొలిన్ ‘మ్యాక్స్‌లైఫ్’ ఆయిల్‌లోకే చేర్చింది: 75,000 మైళ్లు దాటిన ఇంజన్ల కోసం, గట్టిపడిన రబ్బరు సీళ్లను తిరిగి మెత్తబరిచే రసాయనాలు అందులో ముందే ఉన్నాయి. దీనికి ఎదురుదిశలో, ఒక నిజమైన అవసరం మళ్లీ సీసా వైపు వచ్చింది. 1975 నుంచి అమెరికా కార్లలో అమర్చిన క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే పొగలోని విషవాయువులను శుద్ధిచేసే పరికరం, ఆయిల్‌తోపాటు కాలి వచ్చే భాస్వరం వల్ల క్రమంగా మొద్దుబారుతుంది. అందువల్ల ఆయిల్‌లో భాస్వరం పరిమితిని 2004 నాటి ప్రమాణంలో 0.10 శాతం నుంచి 0.08 శాతానికి తగ్గించారు. రోలర్లు అమర్చిన కొత్త ఇంజన్లకు అది చాలినా, చదునైన ట్యాపెట్ క్యామ్ మీద నేరుగా ఒరిసే 1950ల, 1960ల ఇంజన్లను భద్రంగా నడుపుకునేవారికి, ముఖ్యంగా కొత్త క్యామ్ వేసి తొలిసారి నడిపే వేళ, ఆ మోతాదు చాలదన్న ఆందోళన కలిగింది. వారి కోసం జెడ్‌డీడీపీ సీసాలు మళ్లీ అమ్మకానికి వచ్చాయి. కన్వర్టర్ ఉన్న బండిలో అవే సీసాలను పోస్తే, క్యామ్‌ను కాపాడే భాస్వరమే పొగగొట్టం దగ్గర నష్టం చేస్తుంది.