ప్రకటనల కొలువులో తొలిపాఠాలు

జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేట, వ్యవసాయ పనిముట్ల కర్మాగారం పేరుతోనే వెలసింది. ఆ నగరంలో 1921లో ఏర్పడిన సాంకేతిక శిక్షణాలయం ఉక్కు పరిశ్రమకు కావలసిన విద్యను యువకులకు క్రమపద్ధతిలో నేర్పింది. పారను గురించి రైతుకు చెప్పే విద్య వేరు. దానిని చాలామంది కొలువులో చేరి నేర్చుకొన్నవారే.

1943లో సత్యజిత్ రాయ్ కలకత్తాలోని డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల సంస్థలో నెలకు 80 రూపాయల జీతంపై చేరారు. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చిత్రకళ అభ్యసించిన వారికి అక్కడ దక్కింది చిన్న ఉద్యోగమే. దొరల జీతాలు వేరు, దేశీయుల జీతాలు వేరు. అయినా, అక్షరానికి ఎంత చోటు కావాలో, బొమ్మ పక్కన మాట ఎక్కడ ఆగాలో ఆయనకు పట్టుబడ్డది ఆ బల్ల వద్దనే అనిపిస్తుంది. అదే సంస్థలో పనిచేసిన డి.కె. గుప్తా స్థాపించిన సిగ్నెట్ ప్రెస్‌కు ముఖచిత్రాలు రచించారు. 'పథేర్ పాంచాలి' బాలల సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీశారు. 1955లో ఆ కథే చలనచిత్రమై వెలువడిన నాటికి కూడా ఆయన ప్రకటనల సంస్థ ఉద్యోగే.