186 నల్ల గింజలు

1373 అక్టోబరు 23, ఆదివారం. ఫ్లోరెన్స్‌లో బదియా మఠాన్ని ఆనుకుని ఉన్న సాంతో స్తేఫనో చర్చి గుమ్మంలో మీరు నిలబడి ఉన్నారు. వెనకనుంచి జనం తోస్తున్నారు. మీ పక్కవాడి చేతులు మోచేతులదాకా నీలం. ఉన్నికి రంగులద్దే పని. ఎంత కడిగినా పోదు. అతనికి చదువు రాదు. కథ ఉంటుందని ఎవరో చెబితే వచ్చాడు.

కాస్త ముందుకు జరగండి. ఎదురుగా కూర్చున్న మనిషికి అరవై ఏళ్లు. భారీ శరీరం, దానికి తోడు నిరుడంతా పీడించిన జబ్బు. ఒళ్లంతా దురద, కదిలితే ఆయాసం. ఆయన జొవాన్నీ బొకాచ్చో. 'దెకమెరాన్' కథలు రాసిన చెయ్యి అదే. ఇవాళ మాత్రం సొంత కథ చెప్పడానికి రాలేదు. ఈ ఊళ్లో పుట్టి, ఊరు వెళ్లగొడితే 1321లో రావెన్నాలో కన్నుమూసిన దాంతే కావ్యాన్ని పామరులకు విప్పి చెప్పడానికి వచ్చాడు. పండగలు మినహా రోజూ చెప్పాలి. జీతం ఏడాదికి 100 బంగారు ఫ్లోరిన్లు, ఇచ్చేది నగరపాలకులే.

ఇది పాలకులకు తట్టిన ఆలోచన కాదు. ఆ వేసవిలో కొందరు పౌరులు అర్జీ పెట్టుకున్నారు. లాటిన్ రానివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఆ పుస్తకాన్ని బహిరంగంగా చదివించండి, చెడు విడిచి మంచి పట్టుకోవడానికీ, చక్కగా మాట్లాడటం నేర్చుకోవడానికీ పనికొస్తుంది అని. ఆగస్టులో సభ ఓటు వేసింది. ఇక్కడ ఓటంటే చిక్కుడు గింజ. నల్లదైతే ఔను, తెల్లదైతే కాదు. 186 నల్లవి, 19 తెల్లవి. ఆ 19 మందీ ఎవరో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం.

బొకాచ్చో ఇంకా గొంతు సవరించుకుంటున్నాడు. ఈలోగా ఒక్కసారి తల తిప్పి వీధి అవతలికి చూడండి. బురుజుతో కోటలా ఉన్న ఆ రాతి కట్టడం పొదెస్తా భవనం. పొదెస్తా అంటే నగర న్యాయాధికారి. 1302 మార్చి 10న ఒక పొదెస్తా తీర్పిచ్చాడు, దాంతే ఫ్లోరెన్స్‌కు చిక్కితే సజీవంగా కాల్చెయ్యమని. ఇప్పుడు అదే భవనంలోని ప్రార్థనమందిరం గోడమీద, స్వర్గంలో నిలబడ్డ పుణ్యాత్ముల గుంపులో, దాంతే ముఖం ఉంది. చిత్రకారుడు జోత్తో పనివాళ్లు తడి సున్నం మీద రంగులద్ది వేసిన బొమ్మ. మరణశిక్ష పడ్డవాళ్లు ఆఖరి ప్రార్థన చేసుకునేది ఆ బొమ్మ ముందే. తర్వాత ఎవరో ఆ గోడకు వెల్ల వేసేస్తారు. 1840లో వెల్ల గీకి చూసేసరికి కంట్లో మేకు దిగి ఉంటుంది.

అదే వీధిలో ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే జోత్తో మొదలుపెట్టిన గంటస్తంభం కనబడుతుంది. దాని పక్క కెథెడ్రల్‌కు గుమ్మటం ఇంకా లేదు. అది లేవడానికి మరో అరవై ఏళ్లు పడుతుంది.

సరే, మొదలుపెట్టాడు. ఎత్తుకోగానే పద్యం చదవడు. ముందు దీని పేరేమిటి, ఇంత విషాదం ఉన్నదాన్ని కామెడీ అని ఎందుకన్నాడు, ఇంతకీ నరకం ఎక్కడుంది, అంత పండితుడు లాటిన్ మానేసి మన వీధి భాషలో ఎందుకు రాశాడు, ఇవన్నీ ఒక్కొక్కటే తేలుస్తాడు. వెనక వరసల్లో ఆవలింతలు. నిజం చెప్పాలంటే ఈ భాగం నాకూ కొంచెం బరువే. కానీ ఆ గొంతులో ఉన్న ఆపేక్ష వినండి. ఈ కావ్యాన్ని ఆయన తన చేత్తో మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా నకలు రాసుకున్నాడు. 1350లో దాంతే కూతురికి, రావెన్నాలో సన్యాసినిగా ఉన్న ఆవిడకి, ఫ్లోరెన్స్‌లోని ఒక ధార్మిక సంఘం పంపిన పది ఫ్లోరిన్లు తీసుకెళ్లింది ఈయనే.

రోజులు గడుస్తాయి. ఐదో సర్గ వచ్చిన పూట చర్చిలో గాలి ఆడదు. నరకపు సుడిగాలిలో కొట్టుకుపోతున్న ఫ్రాంచెస్కా, ఆమె మరిది పావొలో. దాంతే చెప్పింది కొంచెమే. మిగిలింది బొకాచ్చో పూరిస్తాడు, పురాణం చెప్పేవాళ్లు మూలంలో లేని పిట్టకథ అల్లినట్టు. పెళ్లికొడుకు కుంటివాడు, అనాకారి. అతన్ని చూస్తే పిల్ల ఒప్పుకోదని అందగాడైన తమ్ముణ్ణి పంపారట. ఇంట్లో ఒక ఆడమనిషి కిటికీ సందులోంచి పావొలోని చూపించి, ఇదిగో నీ మొగుడు అందట. పెళ్లైన మర్నాడు పొద్దున పక్కనుంచి లేస్తున్న మనిషిని చూశాకే ఫ్రాంచెస్కాకు మోసం తెలిసిందట. పాపం ఎవరిదో ఇక ఆయన చెప్పక్కర్లేదు. నీలం చేతులవాడు చెంపలు తుడుచుకుంటున్నాడు.

ఎనిమిదో సర్గలో అందరూ నవ్వుతారు. నరకపు బురదలో పొర్లే ఫిలిప్పో అర్జెంతి ఈ ఊరివాడే. అర్జెంతో అంటే వెండి. గుర్రానికి వెండి నాడాలు కొట్టించాడు కాబట్టి ఆ పేరొచ్చిందని బొకాచ్చో చెబుతుంటే, ఆ వంశంవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని జనం పక్కచూపులు చూస్తారు.

పండితులకు ఇదంతా నచ్చలేదు. కవిత్వరహస్యాన్ని అలగాజనం ముందు పరిచాడని ఎద్దేవా చేశారు. నన్ను బాధపెట్టేది వాళ్ల మాట కాదు. బొకాచ్చో దాన్ని ఒప్పేసుకున్నాడు. తప్పు చేశాననీ, ఈ రోగం దానికి శిక్షేననీ సొనెట్లు రాసుకున్నాడు. ఆయన చేసిన తప్పేమిటో నాకు కనబడదు. నీలం చేతులవాణ్ణి అడిగినా అదే అంటాడు.

1374 జనవరి నాటికి శరీరం మొరాయించింది. అరవై దాకా ఉపన్యాసాలయ్యాయి. జోత్తో కీర్తి ముందు పాత చిత్రకారుడు చిమబూయె పేరు మసకబారిందని దాంతే చెప్పిన చోటు రెండో కాండలో ఉంది. అక్కడిదాకా రానేలేదు. మరుసటి ఏడాది, 1375 డిసెంబరు 21న చెర్తాల్దోలో ఆయన పోయాడు.

వ్యాఖ్యానం రాతప్రతి మిగిలింది. అది నరకకాండ పదిహేడో సర్గ మొదట్లో ఆగుతుంది. మనిషి ముఖమూ పాము ఒళ్లూ ఉన్న గెరియోన్ చర్మం మీది రంగుల్ని తార్తారుల బట్టలతో పోల్చాడు దాంతే. బొకాచ్చో నేతగాళ్ల ఊరివాడు కదా, ఆ బట్టల్ని మనం కళ్లారా చూస్తున్నవే అంటాడు, ఏ చిత్రకారుడి కుంచె కూడా అంతటి పని చెయ్యలేదంటాడు. తార్తారులంటే ఎవరో చెప్పబోతూ కొత్త వాక్యం ఎత్తుకున్నాడు. ఆ వాక్యం పూర్తి కాలేదు.