అ అంటే అమ్మ, మరి యాడి?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒకటో తరగతి వాచకం గుర్తు తెచ్చుకోండి. అమ్మ బొమ్మ పక్కన అ, ఇల్లు బొమ్మ పక్కన ఇ. బొమ్మ చూడంగనే పిల్ల నోట్ల ఆ మాటే వస్తేనే ఈ పద్ధతి నడుస్తది. దేవరకొండ తండాల పిల్ల అమ్మను యాడి అంటది, ఇల్లును ఘర్ అంటది. అవి అ తోని, ఇ తోని మొదలు కావు. మాటల ధ్వనులను చెవితో విడదీసి పట్టుకునుడునే ఫోనెమిక్ అవేర్‌నెస్ అంటరు. ఆ శక్తి మన పిల్లకూ ఉంది. పుస్తకం అడిగే మాటనే వేరు.

ఈ పంచాయితీ పాతదే. హైమన్‌డార్ఫ్ 1940ల మన అమ్రాబాద్ గుట్టలల్ల చెంచుల మధ్య తిరిగిండు, ఆ పుస్తకం 1943ల అచ్చయింది. అదే ఏడు ఆదిలాబాద్ వైపు మార్లవాయిల గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి వాచకాలు దేవనాగరి లిపిల తయారుచేసిన్రు. చెంచుల ఇంటి భాష తెలుగే, వాళ్ల కష్టం వేరే కథ. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాల చేరింది 1976 చట్టంతోని. ఆ తర్వాత 28 ఏండ్లకు, 2004ల, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషలల్ల బహుభాషా విద్య మొదలుపెట్టింది. మొత్తం 240 బడులు. ఎనిమిదిల మన బంజారా ఒకటి, లిపి మాత్రం తెలుగుదే.

లిపి తెలుగుదైతే నష్టమా? నాకట్ల అనిపించదు. తెలుగు అక్షరంల హల్లు, అచ్చు కలిసి ఒక్క ముద్దగ ఉంటయి. కన్నడ పిల్లల చదువు మీద సోనాలి నాగ్ 2007ల రాసిన పరిశోధన ప్రకారం, ఆ ముద్ద ముందు పట్టుబడుతది, దాన్ని విడగొట్టి వినుడు నెమ్మదిగ వస్తది. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లే గదా. తెలుగు మాట ఎక్కువగ అచ్చుతోనే ముగుస్తది. మన ఘర్ హల్లు మీదనే ఆగుతది, ర్ ఒంటిగ చెవికి తగులుతది. ఇగ ఘ సంగతి. ఊరి తెలుగుల అది సరిగ్గ పలకనే పలకరు, అందుకే బడిల దాన్ని కష్టమైన అక్షరమంటరు. ఘోడో (గుర్రం) అనే పిల్లకు అది ఇంటి ధ్వని!

సెలవులకు తండాకు పోయినప్పుడు పలక ముట్టకుండ చిన్నోళ్లను అడగండి: ఘర్, ఘోడో, రెండింట్ల మొదట ఏం వినపడుతది? పాణిల? బాటిల? నోటితోనే ఆడిపియ్యండి, నాలుగు రోజులు. ఆ తర్వాత ఘ రాసి చూపియ్యండి.